ర్యాంపు మీద బర్ట్ స్లైడ్: చేతిని ఇరుసు చేసుకుని బోర్డును తిప్పే పాత విద్య

వాలుగా ఉన్న ర్యాంపు మీదికి స్కేట్‌బోర్డుతో ఎక్కి, వేగం సన్నగిల్లుతున్న క్షణంలో బోర్డు మీదే గొంతుక్కూర్చుని, ముందు చేతిని ర్యాంపుకు ఆనించి, ఆ చేతి చుట్టూ బోర్డు తోకను, అంటే వెనుక కొసను, అర్ధచంద్రాకారంలో ఈడ్చి, ముఖం కిందికి తిప్పుకుని దిగిరావడాన్ని బర్ట్ స్లైడ్ అంటారు. ఇందులో ఎగరడం లేదు, బోర్డును గాలిలోకి లేపడమూ లేదు. నాలుగు చక్రాలూ మొదటి నుంచి చివరి దాకా ర్యాంపును అంటిపెట్టుకునే ఉంటాయి. తిరిగేటప్పుడు మాత్రం అవి దొర్లడం మాని పక్కకు జారతాయి. కావలి దగ్గర మా బాబాయి వాళ్ళ మూతబడిన రైసు మిల్లు ఆవరణలో, వడ్లు ఆరబోసే సిమెంటు కళ్లం చివర మేము ఒక చెక్క ర్యాంపు కట్టుకుని, నాలుగేళ్ళుగా ఈ స్లైడును సాధన చేస్తున్నాము. అక్కడికి వచ్చే పిల్లలకు నోటితో చెబుతూ వచ్చిన విషయాలనే ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

ఈ పేరు హవాయి దీవుల సర్ఫర్, అంటే పలక మీద నిలబడి సముద్రపు అలల మీద జారే ఆటగాడు, లారీ బర్టిల్‌మన్ నుంచి వచ్చింది. 1970లలో ఆయన అల మీద దాదాపు కూర్చున్నంత కిందికి వంగి, ఒక చేతిని నీటి గోడకు తాకించి, బోర్డును ఒక్కసారిగా మలుపు తిప్పేవాడు. కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో జెఫైర్ అనే సర్ఫ్ దుకాణం తరఫున ఆడిన కుర్రాళ్ళు ఆ మలుపును చూసి, బడి ఆవరణల్లో ఉండే తారు వాలుల మీద స్కేట్‌బోర్డుతో దాన్ని అనుకరించారు. 1975లో డెల్ మార్‌లో జరిగిన పోటీలో, తక్కిన పోటీదారులు నిటారుగా నిలబడి విన్యాసాలు చేస్తుంటే, జే ఆడమ్స్ లాంటి జెఫైర్ కుర్రాళ్ళు నేలను చేత్తో తాకుతూ జారడం అందరి దృష్టినీ ఆకర్షించింది. అంతకు ముందున్న మట్టి చక్రాలతో ఈ పని సాధ్యపడేది కాదు. చిన్న రాయి తగిలినా అవి ఆగిపోయి మనిషిని విసిరేసేవి. 1970ల మొదట్లో ఫ్రాంక్ నాస్‌వర్తీ తెచ్చిన పాలీయురెథేన్ చక్రాలు నేలను పట్టుకుని ఉంటూనే అదుపుగా జారగలిగినందువల్లనే ఈ విద్య పుట్టింది. చెయ్యి తగలకుండా బోర్డును ఎగరేసే ఆలీ ఆ దశాబ్దం చివర్లో గాని రాలేదు. అందువల్ల ఆలీ రానివాళ్ళు కూడా బర్ట్ స్లైడు నేర్చుకోవచ్చు. నా అభిప్రాయంలో ఆలీ కంటే ముందు దీన్ని నేర్చుకోవడమే మేలు, ఎందుకంటే బరువును ఒక చోటి నుంచి మరో చోటికి మార్చడం అంటే ఏమిటో శరీరానికి ఇది ముందుగా తెలియజేస్తుంది.

ఈ ట్రిక్కులో పట్టు దొరకవలసిన చోటు ఒక్కటే. చూసేవాళ్ళకు కాలు బోర్డును నెడుతున్నట్టు, చెయ్యి పడిపోకుండా ఆసరా ఇస్తున్నట్టు కనిపిస్తుంది. నిజానికి జరిగేది వేరు. చక్రం నేలను ఎంత గట్టిగా పట్టుకుంటుందన్నది దాని మీద ఎంత బరువు ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. మన బరువంతా బోర్డు మీదే ఉన్నంత సేపు ఎంత బలంగా తన్నినా చక్రాలు జారవు. పైగా మొండికేసి మనల్నే కింద పడేస్తాయి. బరువులో పెద్ద భాగం అరచేతి మీదికి పోయిందంటే, చక్రాల పట్టు సడలి, కాలు కాస్త నెట్టినా బోర్డు జారుతుంది. కాబట్టి ముందు చెయ్యి బరువు తీసుకోవాలి, ఆ తరువాతే కాలు కదలాలి. కబడ్డీలో కూతకు వెళ్ళిన ఆటగాడు ఒక చేతిని నేలకు ఆనించి, నడుము లేపి, రెండో కాలిని చుట్టూ విసిరి ఎదుటివాళ్ళ పాదాలను తాకబోయే తీరును మన ఊళ్ళలో చూడని వాళ్ళుండరు. ఆ కాలు అంత తేలికగా తిరగడానికి కారణం దాని మీద బరువు లేకపోవడమే. ఆ కాలి కింద బోర్డు ఉన్నట్టు ఊహించుకుంటే బర్ట్ స్లైడు సగం అర్థమైనట్టే.

ఎడమ పాదం ముందు పెట్టి బోర్డు నడిపేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని దిక్కులు చెబుతున్నాను. కుడి పాదం ముందుండే వాళ్ళు ఎడమకు కుడి, కుడికి ఎడమ చదువుకోవాలి. ఎడమ పాదం ముందున్నప్పుడు మన రొమ్ము బోర్డుకు కుడి పక్కకు చూస్తుంది. ర్యాంపు ఎక్కి కుడికి తిరిగినప్పుడు వీపు పై అంచు వైపు, ముఖం కింది నేల వైపు వస్తాయి. దీన్ని బ్యాక్‌సైడ్ మలుపు అంటారు. ఇటు తిరగడమే మొదట నేర్చుకోవాలి, ఎందుకంటే చెయ్యి ఎక్కడ పడుతోందో, తిరిగి వచ్చే దారి ఎలా ఉందో ఈ వైపు కళ్ళకు స్పష్టంగా కనిపిస్తాయి.

ఇది మొదలు పెట్టడానికి ముందు మూడు పనులు వచ్చి ఉండాలి. ర్యాంపు మీదికి నేరుగా వెళ్ళి, తిరగకుండా అలాగే వెనక్కి దిగగలగాలి. కిక్‌టర్న్ కొట్టి, అంటే ముందు చక్రాలు కొద్దిగా లేపి వెనుక చక్రాల మీద బోర్డును తిప్పి, దిగగలగాలి. బోర్డు మీద నడుస్తూనే పూర్తిగా గొంతుక్కూర్చుని మళ్ళీ లేవగలగాలి. మూడోది చిన్న పనిలా కనిపిస్తుంది గాని, మా దగ్గరకు వచ్చిన పిల్లల్లో ఎక్కువ మంది తడబడినది అక్కడే. మడమలు లేవకుండా కూర్చోవడం అలవాటు తప్పిన కాళ్ళు ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉన్నాయి. అలాంటి వాళ్ళు రోజూ ఉదయం అయిదు నిమిషాలు నేల మీద గొంతుక్కూర్చోవడం సాధన చేస్తే రెండు మూడు వారాల్లో చీలమండలు వదులవుతాయి.

ఇక ర్యాంపు సంగతి. నేర్చుకోవడానికి వంపు ర్యాంపు కంటే పలకలా తిన్నగా ఉన్న వాలు మంచిది. 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ఉండే ప్లైవుడ్ పలకలు రెండు పక్కపక్కన వేసి, పై అంచును 3 అడుగుల ఎత్తుకు లేపితే వాలు సుమారు 22 డిగ్రీలు వస్తుంది. మేము కట్టుకున్నది అదే కొలత. పలక మందం 12 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, కింద అడుగుకొక అడ్డ చెక్క ఉండాలి. మన తీరంలో ఉప్పు గాలికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకు మామూలు ప్లైవుడ్ పొరలు పొరలుగా ఊడిపోతుంది కాబట్టి, ఖరీదైనా సరే నీటికి తట్టుకునే బీడబ్ల్యూపీ రకం పలకలే కొనాలి. కింది అంచు దగ్గర పలకకూ సిమెంటు నేలకూ మధ్య మిగిలే మెట్టును పల్చటి ఇనుప రేకుతో కప్పాలి. లేకపోతే ముందు చక్రాలు దానికి తగిలి బోర్డు అక్కడే నిలిచిపోతుంది.

మా ర్యాంపు చేసిన ఆచారి గారు జీవితంలో స్కేట్‌బోర్డు చూసినవారు కారు. నేను ఏం చేయబోతున్నానో చెప్పినప్పుడు ఆయన కాసేపు ఆలోచించి, పలక మీద తన అరచేతిని పెట్టి చూశారు. "అబ్బయా, కాలు పెట్టే చెక్క వేరు, చెయ్యి పెట్టే చెక్క వేరు. నువ్వు దీని మీద చెయ్యి ఆనించి తిరగతానంటుండావు గదా, అయితే తలుపు చెక్క కంటే నున్నంగా ఉండాల" అన్నారు. ఆ తరువాత ఆయన చేసిన పనిని నేను ఇప్పటికీ ప్రతి నెలా చేస్తాను. ప్రతి స్క్రూ తలనూ పలకలో ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు) లోతుకు దించి, పైన లప్పం పట్టించి, ఉప్పు కాగితంతో రుద్ది, చివరికి భుజం మీది నూలు తుండును తీసి పలక అంతటా మెల్లగా లాగారు. తుండు పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ మళ్ళీ రుద్దారు. కంటికి కనపడని చీలిక పేడు నూలు గుడ్డకు తెలుస్తుంది. చేతి బరువు మోపి తిరిగే ట్రిక్కు కాబట్టి, ఒక్క స్క్రూ తల పైకి వచ్చినా అరచెయ్యి చీరుకుపోతుంది.

కాలువ గట్లకు వేసిన సిమెంటు లైనింగు వాలును చూసి, ర్యాంపు దొరికింది గదా అనుకునే కుర్రాళ్ళు కొందరున్నారు. ఆ పని ఎట్టి పరిస్థితిలోనూ చేయవద్దు. వాలు కొస నీటిలోకి పోతుంది, పాచి కంటికి కనిపించదు, జారితే పట్టుకోవడానికి ఆధారం ఉండదు.

బోర్డు విషయంలో మరీ పట్టింపు అక్కరలేదు. ఎనిమిదిన్నర అంగుళాలు, ఆపై వెడల్పున్న బోర్డు మీద గొంతుక్కూర్చోవడం సులభం. ముఖ్యమైనది చక్రాల గట్టితనం. దాన్ని 'ఎ' (A) అనే స్కేలు మీద అంకెల్లో చెబుతారు. 78 దగ్గరవి రబ్బరులా మెత్తగా రోడ్డును పట్టుకుంటాయి, 99 దగ్గరవి గట్టిగా ఉండి తేలికగా జారతాయి. చెక్క ర్యాంపు మీద బర్ట్ స్లైడుకు 97 నుంచి 99 మధ్యవి, 54 నుంచి 60 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్నవి బాగుంటాయి. మెత్తటి చక్రాలతో నెలల తరబడి ప్రయత్నించి, తనకు చేతకాదని మానుకున్న ఒక కుర్రాడికి చక్రాలు మార్చిన రోజునే స్లైడు వచ్చింది. చక్రాల బేరింగులు పాడైతే తెప్పించుకోవడానికి వారాల తరబడి ఎదురు చూడవలసిన పని లేదు. స్కేట్‌బోర్డు బేరింగు కొలత 608, అంటే లోపలి రంధ్రం 8, బయటి వ్యాసం 22, మందం 7 మిల్లీమీటర్లు. చిన్న మోటార్లలో వాడే కొలత కూడా అదే కాబట్టి నెల్లూరులోనో ఒంగోలులోనో ఏ బేరింగుల దుకాణంలో అడిగినా దొరుకుతుంది.

చేతికి తొడుగు తప్పనిసరి. వెల్డింగు పనివాళ్ళు వాడే తోలు తొడుగు చౌకగా దొరుకుతుంది, అరచేతిని బాగా కాపాడుతుంది. సిమెంటు మీద సాధన చేసేటప్పుడు మాత్రం ఆ తొడుగు అరచేతి భాగానికి, కూరగాయలు తరిగే ప్లాస్టిక్ పలక నుంచి గుండ్రంగా కోసిన ముక్కను బలంగా అతికించుకుంటే చెయ్యి కరుచుకోకుండా జారుతుంది. హెల్మెట్టు, మోకాలి ప్యాడ్లు పిల్లల రోలర్ స్కేటింగు సెట్టులో వచ్చేవైనా ఫరవాలేదు, తలకు వదులు లేకుండా సరిపోవాలి.

మణికట్టు గురించి నా అనుభవం ఒకటి చెప్పాలి. రెండో ఏడాది ఒకసారి తొడుగు లేకుండా, మోచెయ్యి బిగబట్టి చేతిని ఆనించినప్పుడు బరువంతా ఒక్కసారిగా మణికట్టు మీద పడింది. బొటనవేలి మొదట్లో, వేలు చాపితే గుంట పడే చోట నొప్పి మొదలైంది. చూపించుకున్న చోట ఎక్స్‌రే తీసి ఎముక బాగానే ఉందన్నారు, బెణుకు అనుకుని కట్టు కట్టించుకుని ఊరుకున్నాను. రెండు వారాల తరువాత మరో చోట తీసిన ఎక్స్‌రేలో స్కాఫాయిడ్ అనే చిన్న ఎముకకు పగులు కనిపించింది. ఆ ఎముక పగులు మొదటి రోజుల్లో ఎక్స్‌రేకు చిక్కకపోవడం మామూలేనని, ఆ గుంటలో నొప్పి ఉంటే పది పద్నాలుగు రోజులకు మళ్ళీ తీయించాలని అప్పుడు తెలిసింది. దానికి రక్తప్రసరణ తక్కువ కాబట్టి అశ్రద్ధ చేస్తే అతుక్కోకుండా మిగిలిపోయే ప్రమాదం ఉంది. చేతి మీద పడ్డాక బొటనవేలి మొదట్లో నొప్పి రెండు రోజులకు తగ్గకపోతే, తొలి ఎక్స్‌రే బాగుందన్న ధీమాతో ఆగిపోవద్దు.

ఇప్పుడు సాధన. మొదటి పాఠం చక్రాలు లేకుండా, ఇంట్లోనే. ట్రక్కులు (చక్రాలను బోర్డుకు పట్టి ఉంచే లోహపు భాగాలు) ఊడదీసిన పాత డెక్కును, అంటే నిలబడే చెక్కను గాని, ఆ పొడవున్న చెక్క పలకను గాని ఒక గోనె సంచి మీద పెట్టి, నున్నటి గచ్చు మీదో గ్రానైటు బండల మీదో ఉంచండి. చీమకుర్తి రాయి పరిచిన వరండా ఉంటే మరీ మంచిది. పలక మీద ఎడమ పాదం ముందు, కుడి పాదం వెనుక పెట్టి గొంతుక్కూర్చోండి. ఎడమ చేతిని పాదాల వేళ్ళ వైపు, ముందు పాదానికి జానెడున్నర దూరంలో నేలకు ఆనించండి. మోచెయ్యి కొద్దిగా వంగి ఉండాలి. ఇప్పుడు భుజాన్ని చేతికి సరిగ్గా పైకి తీసుకురండి, అంటే శరీరాన్ని చేతి మీదికి వాల్చండి. నడుము దానంతట అది కొంచెం లేస్తుంది. అప్పుడు కుడి మడమతో పలక వెనుక భాగాన్ని వీపు వైపుగా నెట్టండి. సంచితో సహా పలక జారి, మీ చేతి చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది.

ఒక అబ్బాయి ఇక్కడే వారం రోజులు ఆగిపోయాడు. "అన్నా, చెయ్యి పెడతానే ఉండానన్నా, పలక కదలడం లేదు" అనేవాడు. వాడి అరచేతి కింద ఒక నోటు పుస్తకం కాగితం పెట్టి, కూర్చోమని చెప్పి, కాగితాన్ని మెల్లగా లాగాను. సులువుగా వచ్చేసింది. "చూశావా, చెయ్యి పెట్టావు గాని బరువు పెట్టలేదు. కాగితం నేను లాగినా రాకూడదు, అప్పుడు తన్ను" అన్నాను. మూడో సారికి కాగితం చిరిగింది గాని బయటికి రాలేదు. ఆ క్షణంలోనే వాడు కాలు నెట్టాడు, పలక సగం చుట్టు తిరిగింది. అప్పటి నుంచి మా దగ్గర అందరూ ఈ కాగితం పరీక్ష అయ్యాకే ర్యాంపు దగ్గరకు వస్తారు. రోజుకు యాభై సార్ల చొప్పున వారం పాటు చేస్తే చెయ్యి ముందు, కాలు తరువాత అనే క్రమం ఆలోచించకుండానే వస్తుంది.

రెండో పాఠం సమతలం మీద, చక్రాలతో. మనిషి నడిచే వేగానికి మించకుండా బోర్డును కదిలించి, గొంతుక్కూర్చుని, వేళ్ళ వైపు కొద్దిగా వాలి కుడికి మలుపు మొదలు పెట్టండి. మలుపు మొదలయ్యాకే చెయ్యి ఆనించాలి. మొదట బోర్డు తోక పావు చుట్టు జారితే చాలు, వెంటనే కాలితో వెనక్కి లాక్కోండి. జార్చడం, లాక్కోవడం రెండూ మీ అదుపులో ఉన్నాయన్న నమ్మకం కలిగాక అర చుట్టుకు వెళ్ళండి. ఇక్కడ చాలా రోజులు గడపనక్కరలేదు. సమతలం మీద వేగం వెంటనే చచ్చిపోతుంది కాబట్టి ఈ ట్రిక్కు రుచి అసలు తెలియదు.

ర్యాంపు దగ్గర మొదటి రోజు స్లైడు చేయవద్దు. నేరుగా ఎదురెక్కకుండా, కుడికి కొద్దిగా ఏటవాలుగా ర్యాంపు మీదికి వెళ్ళి, మూడొంతుల ఎత్తు చేరే సరికి గొంతుక్కూర్చుని, చెయ్యి ఆనించి, మామూలు కిక్‌టర్నుతోనే దిగిపోండి. ర్యాంపు మీద చెయ్యి ఎక్కడ పడుతోందో శరీరానికి తెలియడం కోసమే ఈ పని. చెయ్యి పడవలసిన చోటు బోర్డుకు కింది వైపు, అంటే దిగువన, ముందు చక్రాల పక్కన. వేళ్ళు ఎగువ వైపు చూడకూడదు. మన ఒళ్ళు ఇంకా పైకి పోతూ ఉంటుంది కాబట్టి వేళ్ళు గుచ్చుకుని వెనక్కి విరుచుకుంటాయి. వేళ్ళను పక్కకు గాని దిగువకు గాని తిప్పి, బరువును అరచేతి మడమ మీద మోపాలి. దానివల్ల శరీరం తిరుగుతున్నప్పుడు చెయ్యి కూడా ఆ మడమ మీదే తిరుగుతుంది.

వేగం ఎంత ఉండాలన్న ప్రశ్న అందరూ అడుగుతారు. 22 డిగ్రీల వాలు మీద మూడొంతుల దూరం ఎక్కడానికి, నింపాదిగా పరిగెత్తే మనిషి వేగం సరిపోతుంది. వేగం కంటే ఎక్కువ జాగ్రత్తగా చూడవలసింది స్లైడు మొదలు పెట్టే క్షణం. బోర్డు పైకి పోతూ పోతూ ఒక చోట ఆగి మళ్ళీ వెనక్కి దొర్లుతుంది గదా, ఆ ఆగే చోటుకు కొంచెం ముందు, ఇంకా పైకి పోయే ఊపు కాస్త మిగిలి ఉండగానే కాలు నెట్టాలి. ఆ ఊపే తోకను పైకి మోసుకుపోతుంది. కాలు చేసేది దారి చూపడం మాత్రమే. ఊపు పూర్తిగా ఆగిపోయాక నెడితే చక్రాలు కరుచుకుంటాయి, బోర్డు అడ్డంగా నిలబడిపోతుంది. మరీ ముందుగా, వేగం బాగా ఉన్నప్పుడు నెడితే బోర్డు కాళ్ళ కింద నుంచి తప్పుకుని పై అంచు దాటి పోతుంది. ఊయల పైకి వెళ్ళి ఆగబోయే ముందు ఒంటికి కలిగే తేలికదనం అందరికీ తెలిసిందే. ర్యాంపు మీద వెతకవలసినది కూడా సరిగ్గా ఆ తేలికదనాన్నే.

ఆ క్షణం వచ్చినప్పుడు జరగవలసింది ఇది. ఎడమ చెయ్యి పడుతుంది, భుజం దాని పైకి వస్తుంది, ముందు మోకాలు రొమ్ముకు దగ్గరవుతుంది. తల కింది నేల వైపు తిరుగుతుంది. వెనుక చెయ్యి వీపు వైపుగా పైకి విసరబడుతుంది. ఇవన్నీ అయ్యాక కుడి కాలు మడమతో తోకను బయటికి, పైకి నెడుతూ నిదానంగా చాచుకుంటుంది. తన్ను కాదు, నెట్టు. బండిని కదిలించేటప్పుడు భుజం పెట్టి నెట్టినట్టు మొదట మెల్లగా, తరువాత బలంగా. చక్రాలు జారడం మొదలవగానే చెక్క మీద గరగరమని ఒక శబ్దం వస్తుంది. ఆ శబ్దం సన్నగా, తెగకుండా వచ్చిందంటే బరువు సరిగ్గా పంచుకున్నట్టు. టకటకమని తెగి తెగి వస్తే చక్రాలు పట్టుకుంటూ వదులుతూ ఉన్నాయని, చేతి మీద బరువు చాలలేదని అర్థం.

బరువు ఎప్పుడూ పాదాల వేళ్ళ వైపు, అంటే చేతి వైపే ఉండాలి. జారుతున్నప్పుడు భయపడి వెనక్కి కూర్చోబోతే మడమల వైపు బరువు పడుతుంది. జారే దిశలో ముందున్న అంచు అదే కాబట్టి చక్రాలు వెంటనే కరుచుకుంటాయి, మనిషి వెల్లకిలా పడతాడు. ఈ ట్రిక్కులో నేను చూసిన గట్టి దెబ్బలన్నీ ఇలా తగిలినవే. పడక తప్పదని తెలిస్తే చేతి వైపుకే, మోకాళ్ళ మీదికి పడి ప్యాడ్ల మీద జారిపోండి.

తోక పై వైపుకు వచ్చి, నోస్ (బోర్డు ముందు కొస) కిందికి చూడగానే చెయ్యి తీసేయాలి. అరచేతితో ర్యాంపును చిన్నగా తోసి, ఆ తోపుతోనే లేవాలి గాని నడుము బలంతో లేవకూడదు. పూర్తిగా నిలబడాలన్న తొందర వద్దు. గొంతుక్కూర్చున్న స్థితిలోనే బరువును ముందు పాదం మీద ఉంచి కింది రేకు దాటే దాకా దిగి, సమతలం మీదికి వచ్చాక లేవండి. సగం తిరిగి ఆగిపోతే కంగారు పడి చెయ్యి ఎత్తవద్దు. బరువును చేతి మీదే ఉంచి, ముందు చక్రాలను కొద్దిగా తేలిక చేస్తే వాలే నోసును కిందికి లాగుతుంది.

ఎక్కడ తప్పుతోందో తెలియనప్పుడు సుద్దముక్క మంచి గురువు. వెనుక చక్రాలు రెండింటికీ సుద్ద రుద్ది ఒకసారి స్లైడు చేసి, దిగి వచ్చి, ర్యాంపు మీద పడ్డ గీతలను చూడండి. చెయ్యి పెట్టిన చోట కూడా ఒక గుర్తు వేయండి. గీతలు ఆ గుర్తు చుట్టూ కొడవలిలా వంగి ఉంటే స్లైడు సరైనది. గీత తిన్నగా పైకి పోయి చివర కొక్కెంలా వంగితే ఆలస్యంగా నెట్టారని తెలుసుకోవాలి. మధ్యలో గీత మాయమై మళ్ళీ కనిపిస్తే చక్రాలు గాలిలోకి లేచాయి, అంటే అది జారడం కాదు. కొడవలి వంపు గుర్తుకు చాలా దూరంగా ఉంటే చేతిని ఒంటికి దూరంగా ఆనించారు. అప్పుడు భుజం చేతి పైకి రాదు, బరువు దిగదు. చూశాక తడి గుడ్డతో సుద్ద తుడిచేయడం మరవవద్దు, పొడి మిగిలితే తరువాతి వాళ్ళు జారిపడతారు.

తిన్నటి వాలు మీద పదికి ఏడెనిమిది సార్లు వస్తున్నప్పుడు వంపు ర్యాంపుకు వెళ్ళవచ్చు. అక్కడ మారేది ముఖ్యంగా చేతి చోటు. పైకి పోయే కొద్దీ వాలు నిటారవుతుంది, బోర్డు నిటారు భాగంలోనూ చెయ్యి దాని కింది పల్లపు భాగంలోనూ పడతాయి, అందువల్ల చెయ్యి ఒంటికి ఇంకా దగ్గరగా పడాలి. ఆగే ముందు కలిగే తేలికదనం వంపు మీద ఎక్కువ. కాలితో నెట్టవలసిన బలం తక్కువ. మొదటి రోజుల్లో సగం ఎత్తుకు మించి పోవద్దు.

సమయం గురించి కొంత. కళ్లం మీద కోతలయ్యాక వడ్లు పోసినన్నాళ్ళు మేము బోర్డు ముట్టము. ఎత్తివేశాక కూడా రెండు మూడు సార్లు చీపురుతో ఊడ్చి గాని దిగము. గింజ చిన్నదే అయినా, పక్కకు జారుతున్న చక్రం కింద పడిందంటే చక్రం అక్కడే నిలిచిపోతుంది. రోహిణీ కార్తెలో ఉదయం ఏడు దాటితే చెక్క మీద చెయ్యి పెట్టలేము, తెల్లవారుతూనే గంట సేపు చేసుకుని మానుకోవాలి. వాన కాలంలో ర్యాంపును పట్టాతో కప్పి, పట్టా కింద గాలి ఆడేలా నాలుగు మూలలా ఇటుకలు పెట్టాలి. మంచు పడ్డ ఉదయాల్లో పలక మీద కనపడని తడి ఉంటుంది. అరచేతి వెనుక వైపుతో రాసి చూసి, చల్లగా తగిలితే పొడి గుడ్డతో తుడిచి ఎండ తగిలే దాకా ఆగండి.

స్లైడులు ఎక్కువయ్యే కొద్దీ చక్రాలు ఒక పక్కే అరిగి, పలకగా తయారై, దొర్లేటప్పుడు దడదడమంటాయి. వెనుక చక్రాలే ముందుగా అరుగుతాయి కాబట్టి నెలకొకసారి 13 మిల్లీమీటర్ల స్పానరుతో నట్లు విప్పి, వెనుక కుడి చక్రాన్ని ముందు ఎడమకు, వెనుక ఎడమ దాన్ని ముందు కుడికి మార్చి, ముందువి రెండూ అదే ప్రకారం వెనక్కి వేయండి. నట్లు బిగించాక ప్రతి చక్రాన్నీ వేలితో తిప్పి, అటూ ఇటూ వెంట్రుకవాసి కదలిక ఉండేలా చూసుకుంటే మరుసటి ఉదయానికి బోర్డు సిద్ధంగా ఉంటుంది.